పారే కాలువలో పూడికతీత

“సావనీరుకి మీరూ ఒక వ్యాసం ఇవ్వాలండి. మీ కంప్యూటర్ల సంగతే రాయండి గాని, తెలుగు బి.ఏ. వాళ్ళకి కూడా బోధపడాలి” అని విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేస్తే, దానికేం భాగ్యం అన్నాను. కాగితం ముందు కూర్చున్నాక గాని ఆ రెండో షరతు బరువు తెలియలేదు. ఈ కళాశాలలో చదువుకుని వెళ్ళి ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం పేరు చెబితేనే మా ఇంట్లోవాళ్ళకి సగం అనుమానం. ఓపెన్ సోర్సు బ్లాక్‌చెయిన్ క్లయింటు సాఫ్ట్‌వేర్ బాగోగులు చూడటం నా పని. “అంటే బిట్‌కాయిన్ల బేరమా?” అని మా మావయ్యగారు మొదటి రోజే అడిగేశారు. కాదండీ. సంతలో బేరమాడేవాడు వేరు, తూనికరాళ్ళు సరిచూసేవాడు వేరు. నాది రెండోవాడి పని. ఈ వ్యాసంలో ఏ నాణెమూ కొనమని గాని అమ్మమని గాని చెప్పబోవడం లేదు. అలాంటి లాభాల మీద మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను వచ్చిందన్న సంగతి మాత్రం, ఉబలాటపడే మిత్రులు గుర్తుంచుకుంటే మంచిది.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ, గోదావరి ఒడ్డున కూర్చున్న మనకెందుకు అనుకోవద్దు. 2019 అక్టోబరులో వాల్‌మార్ట్ వారు మన ఆంధ్రప్రదేశ్ రొయ్యల మీదే ఒక ప్రయోగం ప్రకటించారు. ఇక్కడి చెరువులో పెరిగిన రొయ్య అమెరికాలో వాళ్ళ శామ్స్ క్లబ్ దుకాణం చేరేదాకా నడిచిన దారిని బ్లాక్‌చెయిన్‌లో నమోదు చెయ్యడం దాని ఉద్దేశం. సరుకు పంపేది సంధ్యా ఆక్వా అనే మన రాష్ట్రపు సంస్థ, నమోదు జరిగేది ఐ.బి.ఎం. వారి ఫుడ్ ట్రస్ట్ అనే వ్యవస్థలో. మందుల అవశేషాలున్నాయని ఒక్క కంటైనరు వెనక్కి తిరిగొస్తే భీమవరం చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో అన్నం సహించదో మీకు నేను చెప్పాలా? ఏ చెరువుది, ఏనాటి పట్టుబడి, ఎవరి చేతులు మారింది అన్న లెక్క దిద్దడానికి వీల్లేని పుస్తకంలో ఉంటే, తప్పు చెయ్యని రైతుకి అదొక సాక్ష్యం అన్నమాట.

ఆ ఫుడ్ ట్రస్ట్‌ని కట్టింది హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ అనే సాఫ్ట్‌వేర్ మీద. అది ఓపెన్ సోర్సు, అంటే దాని మూలం ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, తమ పనికి వాడుకోవచ్చు. 2017 జులైలో దాని 1.0 వెర్షను లైనక్స్ ఫౌండేషన్ నీడన వెలువడింది. ఇలాంటి ప్రయోగం ప్రకటించినప్పుడు రొయ్య గురించి మాట్లాడుకుంటాం, దుకాణం గురించి మాట్లాడుకుంటాం. ఆ పుస్తకం రాసే ప్రోగ్రాముకి రేపు జబ్బు చేస్తే మందు వేసేదెవరు అని అడిగేవాళ్ళు అరుదు. ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

ముందు అసలు వస్తువేమిటో చెప్పుకోవాలి. తెలిసినవాళ్ళు ఈ రెండు పేరాలూ దాటెయ్యవచ్చు.

ఒక వీధిలో ఇరవైమంది ఆడవాళ్ళు కలిసి చీటీ వేశారనుకుందాం. మామూలుగా చీటీ నడిపే ఆవిడ దగ్గర ఒకటే పుస్తకం ఉంటుంది. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఊరి భూముల లెక్కంతా కరణంగారి దస్త్రంలో ఉన్నట్టే. ఆవిడ మీద నమ్మకం ఉన్నన్నాళ్ళూ పేచీ లేదు. ఆ నమ్మకం చాలదనుకుని ఇరవైమందీ ఇరవై పుస్తకాలు పెట్టారనుకోండి. నెలనెలా పాట కాగానే అందరూ ఒకే పద్దు తమ తమ పుస్తకాల్లో రాసుకుంటారు. ప్రతి పేజీ మొదట్లో, వెనకటి పేజీ మొత్తాన్ని పిండి తీసిన వేలిముద్రలాంటి అంకె ఒకటి వేస్తారు. వెనక ఎక్కడో ఒక పైసా దిద్దినా ఆ పేజీ వేలిముద్ర మారుతుంది, దాన్ని తనలో దాచుకున్న తరవాతి పేజీదీ మారుతుంది, అలా చివరి పేజీ దాకా అన్నీ చెడతాయి. దిద్దినవాడు దొరికిపోతాడు. బిట్‌కాయిన్‌లో ఆ వేలిముద్ర తీసే లెక్కకి ఎస్.హెచ్.ఎ. 256 అని పేరు. పేజీని బ్లాకు అన్నారు, పేజీల గొలుసుని బ్లాక్‌చెయిన్ అన్నారు. సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో 2008 అక్టోబరు 31న ఈ పద్ధతి వివరిస్తూ ఒక పత్రం వెలువరించారు. 2009 జనవరి 3న మొదటి పేజీ పడింది. ఆ మనిషెవరో ఈనాటికీ లోకానికి తెలియదు.

ఫాబ్రిక్ లాంటివి శుభలేఖ అందుకున్నవాళ్ళే వచ్చే పెళ్ళిళ్ళు. బిట్‌కాయిన్, ఎథీరియం లాంటివి మన కోనసీమ ప్రభల తీర్థం. ఎవరైనా వస్తారు, ఎవరి ప్రభ వాళ్ళు ఎత్తుకుంటారు. రెండింటిలోనూ ప్రతి సభ్యుడి కంప్యూటరులో పుస్తకం రాసే గుమస్తా ఒకడుండాలి. ఆ గుమస్తాయే క్లయింటు ప్రోగ్రాము. తోటివాళ్ళని వెతికి పట్టుకోవడం, కొత్త పేజీ తెప్పించుకోవడం, సంతకాలూ నిలవలూ సరిచూడటం, ఒప్పయితే ఎక్కించుకోవడం, తప్పయితే విసిరికొట్టడం అతని దినచర్య. బిట్‌కాయిన్‌కి బిట్‌కాయిన్ కోర్ అనేది అందరికన్నా పాత గుమస్తా, సి ప్లస్ ప్లస్ భాషలో రాసినది. ఎథీరియంకి గెత్, నెదర్‌మైండ్, బేసు వగైరా పలువురున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకావిడ గుమస్తా అర్ధరూపాయిని పైకి సవరిస్తాడు, పక్కింటావిడ గుమస్తా కిందికి సవరిస్తాడు. తేడా అర్ధరూపాయే గాని వేలిముద్ర అంకె అడుగూ పొడుగూ మారిపోతుంది. వచ్చే నెల పేజీని సగంమంది ఒప్పుకుంటారు, సగంమంది ఒప్పుకోరు. చూస్తుండగానే ఒక వీధిలో రెండు చీటీలు తయారవుతాయి, పాడుకున్నావిడకి ఒక పుస్తకంలో డబ్బు ముట్టినట్టూ ఒక పుస్తకంలో ముట్టనట్టూ ఉంటుంది. ఎవరూ మోసం చెయ్యలేదు. మామూలు ప్రోగ్రాములో తప్పంటే జవాబు తప్పుగా రావడం. ఇక్కడ అంతకన్నా పెద్ద తప్పు ఒకటుంది, పదిమందికీ వచ్చిన జవాబు మనకి రాకపోవడం.

కథగా చెబుతున్నాననుకుంటారేమో, ఇది నిజంగానే జరిగింది. 2013లో బిట్‌కాయిన్ క్లయింటు 0.8 వెర్షను విడుదలయింది. అప్పటిదాకా వాడుతున్న బర్క్‌లీ డీబీ అనే పాత డేటాబేసు తీసేసి లెవెల్‌డీబీ అనే వేగమైనది పెట్టారు. అందరూ సంతోషించారు. మార్చి 11న కాస్త పెద్ద పేజీ ఒకటి వచ్చింది. 0.8 వాళ్ళు ఎక్కించుకున్నారు, 0.7 వాళ్ళు తిప్పికొట్టారు. తీరా వెతికితే, పాత డేటాబేసులో ఒకేసారి ఇన్ని తాళాలకు మించి వెయ్యకూడదన్న హద్దు ఒకటి ఎక్కడో మూల పడి ఉంది. అది బిట్‌కాయిన్ నియమాల్లో లేదు, రాసినవాళ్ళ ఊహలో కూడా లేదు. కాని ఏళ్ళ తరబడి అందరి గుమస్తాలూ దానికి లోబడే నడిచారు గనక, ఎవరూ రాయకుండానే అది చట్టమైపోయింది.

ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. న్యాయంగా చూస్తే 0.8 దే ఒప్పు. అయినా పెద్ద మైనింగు పూలులు 0.8 ని వదిలి 0.7 కి వెనక్కి వెళ్ళాయి. ఎందుకంటే పాతవాళ్ళు ఒప్పుకునే పేజీని కొత్తవాళ్ళూ ఒప్పుకుంటారు, కొత్తవాళ్ళ పేజీని పాతవాళ్ళు ఒప్పుకోరు. అందరూ కలిసేందుకు వీలున్నది వెనక దారిలోనే. అలా వెళ్ళడంలో కొత్త గొలుసులో తాము రాసిన పేజీల తాలూకు ప్రతిఫలాన్ని ఆ పూలులు చేతులారా వదులుకున్నాయి. కొన్ని గంటల్లో గొలుసు మళ్ళీ ఒకటైంది. తరవాత 0.8.1 లో ఆ పాత హద్దుని తాత్కాలికంగా కావాలనే పెట్టి, జనానికి గడువిచ్చి, మే 15 నుంచి తొలగించారు. తప్పుని ముందు చట్టం చేసి, ఆ పైన నోటీసు ఇచ్చి రద్దు చేశారన్నమాట. మా పనిలో మెరుగుపరచడం అంటే ఎంత చుట్టుతిరుగుడో దీన్నిబట్టి ఊహించుకోండి.

నిర్వహణ అనే మాటకి అర్థం డెల్టావాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాటన్ దొర బొమ్మ లేని ఊరు మన వైపు తక్కువ. ఆనకట్ట కట్టినవాడికి బొమ్మ పెట్టాం, బాగానే ఉంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి, ఎండల్లో గుర్రపుడెక్క పీకి, పూడిక తోడి, లాకుల తలుపులకి గ్రీజు పెట్టి, గట్లు ఎగదోసే పని అప్పట్నుంచీ ఏటా సాగుతూనే ఉంది. మా చిన్నప్పుడు మా ఊరి లస్కరు చేతికర్రతో గట్టు మీద నడుస్తూ, ఎలక బొరియ కనబడితే అక్కడే ఆగిపోయేవాడు. గట్టు తెగాక వచ్చేవాళ్ళు వందమంది, తెగకముందు చూసేవాడు అతనొక్కడే. క్లయింటు మెయింటెయినరు కూడా లస్కరే. ఒక్కటే తేడా. మా కాలువకి కట్టెయ్యడమన్నది లేదు. వేసవి లేదు, ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. నీరు పారుతుండగానే పూడిక తియ్యాలి, తలుపు మార్చాలి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పేజీలు తయారుచేసే యంత్రాంగాన్నే మార్చేసి, కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గించుకున్నప్పుడు, పాత ఆనకట్ట పక్కనే 1982కి కొత్త బారేజీ కట్టి నీళ్ళు మళ్ళించిన సంగతే నాకు గుర్తుకొచ్చింది.

నా మొదటి ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. ప్రాజెక్టు పేరు చెప్పను, తప్పు నాది. గో భాషలో రాసిన ఒక క్లయింటులో, ఖాతాల జాబితాని ముందు అక్షరక్రమంలో పేర్చి తరవాత ఒక్కొక్కటే చదివి మొత్తం కట్టే భాగం ఒకటుంది. చదవడానికి పేర్చడం దేనికి, దండగ కదా అనిపించింది. ఆ పేర్చడం తీసేసి, మ్యాప్ అనే గూళ్ళపెట్టెలోంచి నేరుగా చదివేలా మార్చాను. నా కంప్యూటరులో పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయి. వేగం ఎంత పెరిగిందో కొలిచి, పట్టిక కట్టి, నాలుగు పేరాల వివరణతో పంపాను. రెండు రోజులకి, నేనెన్నడూ చూడని దేశంలో కూర్చున్న మనిషి దగ్గర్నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది. “ఏ వరసలో చదువుతుంది?” అని.

చెమటలు పట్టాయంటే నమ్మండి. గో భాషలో మ్యాప్‌ని చదివే వరసకి హామీ లేదు. ఎవరూ ఏదో ఒక వరస మీద ఆధారపడకుండా ఆ భాష కట్టినవాళ్ళు ప్రతిసారీ వేరే చోటునుంచి మొదలయ్యేలా కావాలనే చేశారు. కూడికైతే ఏ వరసలో కూడినా మొత్తం ఒకటే, అందుకే నా పరీక్షలు గట్టెక్కాయి. కాని ఆ చదివిన ఖాతాలు చివరికి వేలిముద్ర లెక్కలోకి వెళ్తాయి. అక్కడ వరస మారితే వేలిముద్ర మారుతుంది. నా మార్పు అలాగే వెళ్ళిపోయి ఉంటే, వాడుకలో ఉన్న నోడ్లన్నీ తలో జవాబు చెప్పి, పుస్తకం మొత్తం నిలిచిపోయేది. దశాంశ అంకెల లెక్కలు, కంప్యూటరు గడియారం వేళ, ఒకేసారి నడిచే పనుల్లో ఎవరు ముందు ముగిస్తారన్నది కూడా ఇలాంటి ఎలక బొరియలే. యంత్రానికీ యంత్రానికీ మారే దేన్నీ ఆ వేలిముద్ర దరిదాపులకి రానివ్వకూడదు. నా మార్పు వెనక్కి తీసుకుని, దాని బదులు ఒక పరీక్ష రాసి పంపాను. ఒకే లెక్కని వందసార్లు వేయించి వందసార్లూ ఒకటే వేలిముద్ర వచ్చిందా లేదా చూసే పరీక్ష. దాన్ని ఆ రోజే చేర్చుకున్నారు. ఆ ప్రాజెక్టులో నా పేరు మొదటిసారి పడింది అలాగే, వేగం పెంచినందుకు కాదు.

దండగ అనిపించినదాన్ని తీసెయ్యడం నా ఒక్కడికే పట్టిన జబ్బు కాదు. ఒకే నాణేన్ని ఒక చెల్లింపులోనే రెండుసార్లు ఖర్చు పెట్టారేమో చూసే తనిఖీ ఒకటి బిట్‌కాయిన్ కోర్‌లో ఉండేది. ఈ పని వేరేచోట ఎలాగూ జరుగుతోంది కదా అని, బ్లాకుల్ని సరిచూసేటప్పుడు ఆ తనిఖీని వేగం కోసం మానేశారు. 2017లో వచ్చిన 0.14 వెర్షనుతో ఆ మార్పు లోకంలోకి వెళ్ళింది. ఆ వెర్షనులో దాని ఫలితం నోడు కుప్పకూలడం వరకే. తరవాతి వెర్షన్లలో ఇంకో మార్పుతో కలిసి, లేని నాణేలు పుట్టించగల కంత అయింది. ఏడాదిన్నర పాటు లోకంలో తలపండిన ప్రోగ్రామర్ల కళ్ళెదుటే అది ఉంది. 2018 సెప్టెంబరులో దాన్ని పట్టుకున్నవాడు ఎవరనుకున్నారు? పోటీ నాణెమైన బిట్‌కాయిన్ క్యాష్ వర్గంలో పనిచేసే డెవలపరు. అతను దాన్ని వాడుకుని లాభపడలేదు, ఊరంతా చాటలేదు, గుట్టుగా సంబంధించినవాళ్ళకి తెలియజేశాడు. సెప్టెంబరు 18న దిద్దిన 0.16.3 వెర్షను వెలువడింది. ఓపెన్ సోర్సు అంటే వెయ్యి కళ్ళు చూస్తాయని ఉపన్యాసాల్లో అంటారు. వెయ్యి కళ్ళు తెరిచి ఉన్నా, నిజంగా చదివేవి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న.

అలాగని మెరుగు పెట్టకుండా కూర్చుంటే కుదరదు. కొత్తగా చేరినవాడు మొదటి పేజీ నుంచి అన్నీ తనే సరిచూసుకోవాలి, పుస్తకమేమో ఏటా లావెక్కుతుంది. బిట్‌కాయిన్ పుస్తకం ఇప్పటికే 600 జీబీ దాటింది. సరిచూడటం నిదానమైతే మామూలు మనిషి మానుకుంటాడు, చివరికి పుస్తకం మళ్ళీ నలుగురు కరణాల చేతుల్లోకే పోతుంది. అందుకే 2016లో 0.12 వెర్షనుతో, సంతకాలు సరిచూడటానికి అరువు తెచ్చుకున్న ఓపెన్ ఎస్ఎస్ఎల్ బదులు తమ సొంత లైబ్రరీ పెట్టుకుని, కొన్ని యంత్రాల మీద ఆ పనిని అయిదు రెట్లకు పైగా వేగం చేశారు. పీటర్ వుయిల్లె ప్రభృతులు ఏళ్ళ తరబడి ఒక్కొక్క గణితసూత్రాన్నీ పరీక్షించాక గాని దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. చూడటానికి నత్తనడక, నా దృష్టిలో అదే సరైన నడక.

తప్పు దొరికిందనుకోండి, దిద్దామనుకోండి. అందరికీ చెప్పాలా, గుట్టుగా దిద్దాలా? చెబితే దొంగకి దారి చూపినట్టు. చెప్పకపోతే, ఏముందిలే అని జనం పాత వెర్షనులోనే ఉండిపోతారు. ఎథీరియం క్లయింటు గెత్ వారు రెండూ చేసి చూశారు. 2020 జులైలో ఒక తప్పుని చప్పుడు చెయ్యకుండా దిద్దారు. ఎందరో వాలెట్లకి ఆధారమైన ఇన్‌ఫ్యూరా అనే సంస్థ పాత వెర్షనులోనే ఉండిపోయింది. నవంబరు 11న ఎవరిదో ఒక లావాదేవీ ఆ తప్పుని తట్టింది, పాతవాళ్ళు వేరే గొలుసు మీదికి వెళ్ళిపోయారు, పెద్ద ఎక్స్ఛేంజీలు కూడా తాత్కాలికంగా విత్‌డ్రాయల్స్ ఆపాయి. మరుసటి ఏడు ఇంకో తప్పు దొరికినప్పుడు, ఆగస్టు 24న ముఖ్యమైన వెర్షను వస్తుంది, అందరూ మారండి అని వారం ముందే చాటారు, తప్పేమిటో మాత్రం చెప్పలేదు. మూడు రోజులకే, 27న, ఎవరో కనిపెట్టి దాడి చేశారు. కాని అప్పటికే మైనర్లలో ఎక్కువమంది మారిపోయారు గనక చీలిన కొమ్మ చిన్నదే అయింది. తేదీ చాటి తప్పు దాచడమే మేలని నా అభిప్రాయం. కాదనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ వాదన కొట్టిపారెయ్యదగ్గది కాదు.

ఎథీరియంలో గుమస్తాలు పలువురు ఎందుకన్నది మన రైతుని అడిగితే బాగా చెబుతాడు. మండలమంతా ఒకే వంగడం ఊడిస్తే, సుడిదోమ దానికి మరిగిన ఏడు అందరి చేలూ ఒక్కసారే పోతాయి. మారుటేరు పరిశోధనా కేంద్రం వాళ్ళు 1982లో స్వర్ణ ఇచ్చి ఊరుకోకుండా ఒకదాని తరవాత ఒకటి వంగడాలు తెస్తూనే ఉండటం ఊరికే కాదు. 2024 జనవరి 21న నెదర్‌మైండ్ క్లయింటులో తప్పు బయటపడి దాన్ని వాడే నోడ్లు ఆగిపోయాయి. మిగతా క్లయింట్లవాళ్ళు నడిపిస్తూనే ఉన్నారు, కొన్ని గంటల్లో మందు వచ్చింది, బయటివాళ్ళకి చాలామందికి సంగతే తెలియదు. అదే తప్పు అందరికన్నా ఎక్కువమంది వాడే క్లయింటులో వచ్చి ఉంటే ఈ పేరా ఇంత తేలిగ్గా రాసేవాణ్ణి కాదు.

అయితే వంగడాన్ని బతికించేవాడు ఉండాలి. ఒకప్పుడు గెత్ తరవాత అంతటి పేరున్నది ప్యారిటీ అనే క్లయింటు. 2016లో గెత్ మీద వరసగా దాడులు జరిగినప్పుడు చాలామందికి అదే దిక్కయింది. 2019 చివర్లో దాన్ని తయారుచేసిన సంస్థ, ఈ బరువు ఇక మొయ్యలేం, నలుగురూ పంచుకోండి అని ప్రకటించింది. ఓపెన్ ఎథీరియం అని పేరు మార్చుకుని, వేరేవాళ్ళ చేతుల్లో కొన్నాళ్ళు నడిచి, 2022లో ఆగిపోయింది. కోడు ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతుంది, చదువుకోవచ్చు. లస్కరు లేడు, అంతే. దాన్ని నమ్ముకున్న నోడ్లవాళ్ళు ఇల్లు మారారు.

మనవాళ్ళెవరూ ఈ పనిలో లేరా అంటే ఉన్నారు. కాస్మాస్ ఎస్‌డీకే అనేది ఎన్నో బ్లాక్‌చెయిన్ క్లయింట్లకి పునాదిగా వాడే ఓపెన్ సోర్సు సరంజామా. 2021లో వచ్చిన దాని 0.43 వెర్షనులో, నా తరఫున నువ్వు ఈ పని చెయ్యి అని ఒక ఖాతా ఇంకో ఖాతాకి ముక్తారునామా ఇచ్చే సదుపాయం, ఒకరి రుసుము ఇంకొకరు కట్టే సదుపాయం చేరాయి. రీజెన్ నెట్‌వర్క్ అనే సంస్థతో కలిసి హైదరాబాదులోని విట్విట్ సంస్థ ఇంజనీర్లు ఆ పనిలో పాలుపంచుకున్నారు. హైదరాబాదులోనే ఉన్న ఐ.డి.ఆర్.బి.టి. బ్యాంకుల కోసం బ్లాక్‌చెయిన్ మీద ఒక శ్వేతపత్రాన్ని 2017లోనే తెచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం విశ్వస్య అనే పేరుతో జాతీయ బ్లాక్‌చెయిన్ సరంజామాను ప్రారంభించింది. దాన్ని తయారుచేసిన సంస్థల్లో ఐ.డి.ఆర్.బి.టి.తో పాటు హైదరాబాదు ఐ.ఐ.టి., ట్రిపుల్ ఐటీ కూడా ఉన్నాయి. భువనేశ్వర్, పుణె, హైదరాబాదులలోని ఎన్.ఐ.సి. డేటా కేంద్రాల్లో అది నడిచేలా ఏర్పాటు చేశారు. రేపు మన సర్టిఫికెట్టో, మన పొలం కాగితమో అలాంటి పుస్తకంలోకే ఎక్కవచ్చు. ప్రారంభోత్సవాల్లో మనకి లోటు లేదు. అయిదేళ్ళ తరవాత ఆ గట్టు మీద నడిచేవాళ్ళు ఎంతమంది ఉంటారన్నదే నా బెంగ. ఆ జాబితాలో హైదరాబాదు పేరు మూడుసార్లు వచ్చి, రాజమండ్రి పేరో కాకినాడ పేరో ఒక్కసారైనా రాకపోవడం కూడా నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

మరి మన ల్యాబులో కూర్చున్న విద్యార్థి ఏం చెయ్యగలడు? పైసా ఖర్చు లేకుండా చాలానే చెయ్యగలడు. బిట్‌కాయిన్ కోర్‌లో రెగ్‌టెస్ట్ అనే ఏర్పాటు ఉంది. మీ కంప్యూటరులోనే మీ సొంత గొలుసు, మీరు నొక్కితే పేజీ పుడుతుంది, ఆ నాణేలకి విలువ సున్నా. రెండు నోడ్లు పెట్టి, వాటి మధ్య దారి తెంపి, రెండు వైపులా వేరు వేరు పేజీలు పుట్టించి, మళ్ళీ కలిపి చూడండి. ఏ గొలుసు గెలిచింది, ఓడిన గొలుసులోని చెల్లింపు ఏమయింది? 2013 నాటి ఆ రాత్రి మీ బల్ల మీదే జరుగుతుంది. ఆ తరవాత మూలం తెచ్చుకుని కంపైలు చెయ్యండి, పరీక్షలు నడపండి. ఏదో ఒక పరీక్ష మీ యంత్రంలో తప్పిందంటే అదృష్టం, ఎందుకు తప్పిందో వెతకండి. ఎవరో తప్పు ఉందని రాస్తారు, కాని దాన్ని మళ్ళీ తెప్పించి చూపించడం వాళ్ళకి చేతకాదు. ఇన్ని మెట్లలో ఇలా వస్తోందని చూపించగలిగితే సగం దిద్దినట్టే. ఇతరులు పంపిన మార్పుల్ని చదివి ప్రశ్న అడగండి. నన్ను కాపాడింది నా కోడు కాదు, ఇంకొకరి ప్రశ్న. ఇంగ్లీషు రాదేమోనని జంకవద్దు. నాకొచ్చిన ప్రశ్నలో ఎన్ని మాటలున్నాయో పైన చూశారుగా.

కొత్త సౌకర్యం కలుపుతామని మొదటి రోజే బయల్దేరకండి. సంవత్సరాంతపు ప్రాజెక్టుకి ‘బ్లాక్‌చెయిన్ ఆధారిత’ అని ముందు తగిలించి ఎక్కడిదో తెచ్చి అంటించే ఆచారం మన ఇంజనీరింగు కాలేజీల్లో బాగా ముదిరింది. లెక్చరరు మిత్రులు కోపగించుకోకపోతే ఒక మాట. అలాంటి ప్రాజెక్టు పదింటి బదులు, వాడుకలో ఉన్న క్లయింటులో చేర్చుకున్న ఒక్క పరీక్షకి మార్కులిస్తే, ఆ కుర్రవాడి పని లోకంలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

కార్యదర్శికి ఇంకో మాట కూడా ఇచ్చాను. సంక్రాంతి సెలవులకి నేను ఊరొస్తాను. కనుమ మర్నాటి నుంచి మూడు రోజులు సాయంత్రం నాలుగింటికి కంప్యూటరు ల్యాబు తెరిపిస్తానన్నారు. రెగ్‌టెస్ట్‌తో మొదలుపెడదాం. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, లేనివాళ్ళు ఉన్నవాళ్ళ పక్కన కూర్చోండి. కరెంటు పోతే ఏం చెయ్యాలన్నది మాత్రం కార్యదర్శిగారి పూచీ.